ఇరవై మంది ఫస్టియర్ పిల్లలకు నన్ను మెంటర్‌గా వేశారు. ఒక్కొక్కరితో అరగంట ఉంది, ఏం మాట్లాడాలి?

అనంతపురం మ్యాథ్స్ మేడమ్:

అందరికీ నమస్కారం. అనంతపురానికి దగ్గర్లో జేఎన్‌టీయూఏ (అనంతపురం జేఎన్‌టీ యూనివర్సిటీ) కింద ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తాను. ఈసారి కొత్త పిల్లలను కాలేజీకి అలవాటు చేసే బీటెక్ ఫస్టియర్ ఇండక్షన్‌లో నాకు ఇరవై మందిని అప్పజెప్పారు. దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ పద్ధతి ప్రకారం ఇరవై మందికి ఒక మెంటర్ ఉండాలి కాబట్టి అందరికీ ఇట్లాగే పంచారు. మూడు వారాల టైంటేబుల్లో యోగా ఉంది, హ్యూమన్ వాల్యూస్ ఉంది, బయటి నుంచి వచ్చే పెద్దల ఉపన్యాసాలు ఉన్నాయి, డిపార్ట్‌మెంట్లు చూపించడం ఉంది. వీటి మధ్యలో ఒక్కొక్కరితో విడిగా కూర్చోవడానికి నాకు అరగంట చొప్పున ఇచ్చారు.

దాంతోపాటు ఒక ఫారం కూడా ఇచ్చారు. బ్లడ్ గ్రూప్, ఆధార్ నంబరు, తండ్రి వృత్తి, హాబీలు, జీవిత లక్ష్యం. అది నింపేసరికే పది నిమిషాలు పోతాయి. మిగిలిన ఇరవై నిమిషాల్లో ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

ఎందుకు ఇంత ఆలోచిస్తున్నానో చెప్తాను. పోయిన ఏడాది నా క్లాసులో కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి ఉండేది. లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్‌లో మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) బాగా రాసింది. ఐగెన్ విలువల లెక్క బోర్డు మీద తానే చేసి పక్కవాళ్లకు చెప్పేది. సెమిస్టర్ చివర్లో హాజరు 65 శాతం కంటే తగ్గిందని డిటైన్ అయింది, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సి వచ్చింది. వాళ్ల నాన్న ఆఫీసు ముందు నిలబడి, "మా పాప రోజూ కాలేజీకి వచ్చింది కదా సార్" అని అడుగుతుంటే నాకు చాలా బాధేసింది. ఆ మాట నిజమే, ఆ పాప దాదాపు రోజూ వచ్చింది. కానీ బస్సు చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్లీ చీకటి పడేదాకా లేదని చివరి పీరియడ్ కూడా వదిలేసేది. జ్వరమొచ్చి రెండు వారాలు ఇంటి దగ్గర ఉండటంతో లెక్క పూర్తిగా తప్పింది. హాజరును పీరియడ్ల లెక్కన చూస్తారని ఆమెకు చేరిన రోజే ఎవరైనా కాగితం మీద వేసి చూపించి ఉంటే ఇట్లా అయ్యేది కాదు.

ఆడిటోరియంలో ప్యాకేజీల గురించి, కోడింగ్ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లతో ఎదురుగా కూర్చునే ఈ అరగంట మాత్రం మళ్లీ దొరకదు. ఇంతకుముందు మెంటర్లుగా చేసినవాళ్లు, చదువుతున్న పిల్లలు, తల్లిదండ్రులు ఎవరైనా సరే చెప్పండి. ఏం అడగాలి, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు?

కడప ఈసీఈ సార్:

మేడమ్, ముందు ఆ ఫారం సంగతి. దాన్ని పిల్లల చేతికి ముందురోజే ఇచ్చి నింపుకుని రమ్మనండి. బ్లడ్ గ్రూప్ రాయడానికి మెంటర్ అక్కర్లేదు.

నేను కడపలో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. పిల్లవాడు కూర్చోగానే నేను అడిగే మొదటి మాట "కాలేజీకి ఎట్లా వస్తున్నావు?" అని. మీరు చెప్పిన అమ్మాయి సమస్య దాంట్లోనే బయటపడుతుంది. ఊరు ఏది, బస్సు ఎన్నింటికి, ఆ బస్సు తప్పితే తర్వాతది ఎప్పుడు, హాస్టలైతే గదిలో ఎంతమంది, సొంత ఊరికి ఎన్ని వారాలకోసారి పోతావు, ఇవన్నీ అడుగుతాను. తర్వాత వాడి ముందే తెల్లకాగితం మీద లెక్క వేస్తాను. రోజుకు ఏడు పీరియడ్లు, సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుంటే మొత్తం 630 పీరియడ్లు. హాజరు 75 శాతం ఉండాలి, అంటే 473. అన్ని పీరియడ్లకూ ఉండేవాడు 22 రోజులు మానినా గట్టెక్కుతాడు. రోజూ మొదటి పీరియడ్ పోయేవాడికి రోజుకు ఆరే లెక్కకు వస్తాయి కాబట్టి వాడు 79 రోజులు రావాలి, మానుకోవడానికి 11 రోజులే మిగులుతాయి. ఒక జ్వరం, ఒక పెళ్లి, ఒక పండగ వస్తే ఆ పదకొండూ అయిపోతాయి. ఈ లెక్క చూసిన పిల్లల ముఖం మారుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. వాడి దగ్గర ఎన్ని రోజులు మిగిలి ఉన్నాయో వాడికి తెలియాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, మెడికల్ సర్టిఫికెట్ చూపించి ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 కంటే తగ్గితే అదీ లేదు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఈ రెండింటి తేడా ఫస్టియర్ పిల్లల్లో చాలామందికి తెలియదు.

రెండోది, రెగ్యులేషన్స్ పుస్తకం దగ్గర పెట్టుకోండి. దాన్ని మొత్తం చదివి వినిపించవద్దు, మార్కుల పేజీ ఒక్కటి తెరవండి. కాలేజీలో వేసే ఇంటర్నల్ మార్కులు 30, సెమిస్టర్ చివరి పరీక్ష ఎక్స్‌టర్నల్ 70. మొత్తం మీద 40 వస్తే పాస్ అనే పిల్లలు అనుకుంటారు. ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం, అంటే 70కి కనీసం 25 రావాలన్న సంగతి మొదటి ఫలితాలు వచ్చాకే తెలుసుకుంటారు. ఇంటర్నల్ 28, ఎక్స్‌టర్నల్ 24 వచ్చినవాడికి మొత్తం 52. అయినా ఫెయిల్. ఇంటర్నల్ 12, ఎక్స్‌టర్నల్ 28 వచ్చినవాడికి సరిగ్గా 40, వాడు పాస్. ఈ రెండు ఉదాహరణలూ రాసి పిల్లవాడినే "వీళ్లలో ఎవరు పాస్?" అని అడగండి. తప్పు చెప్తే మంచిదే, ఆ తప్పుతోనే వాడికి గుర్తుండిపోతుంది.

మిడ్ పరీక్షల లెక్క కూడా అట్లాగే చూపించాలి. రెండు మిడ్లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం విలువ. మొదటి మిడ్‌లో 8 వచ్చి రెండోదాంట్లో 25 వస్తే సగటు తీసి 16.5 వేస్తారనుకుని పిల్లలు చేతులెత్తేస్తారు. అసలు లెక్క ప్రకారం 25లో 80 శాతం 20, ఎనిమిదిలో 20 శాతం 1.6, మొత్తం 21 దాటుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి మిడ్ కుదరక డీలాపడినవాళ్లకు ఈ నియమం ఎంతో అండ.

ఇక ఇంటర్ అలవాటు. మన పిల్లల్లో చాలామంది ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామున నిద్ర లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి చదివిస్తే చదివినవాళ్లు. ఇక్కడ సాయంత్రం కాలేజీ అయ్యాక అడిగేవాడు ఉండడు. పిల్ల చెడిపోయిందని ఇంట్లో అంటారు. చెడిపోవడం కాదది. సాయంత్రం నాలుగు నుంచి పది దాకా తన టైమ్ తానే పంచుకోవడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. అందుకే నేను అడుగుతాను: "నిన్న సాయంత్రం ఇంటికి పోయినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశావు?" జవాబును తప్పుపట్టను. దాంట్లోంచే ఒక గంట వెతికి, ఆ గంట రోజూ ఏదో ఒక సబ్జెక్టుకు పెట్టమంటాను. ఫస్ట్ సెమిస్టర్‌లో ఆ గంట మ్యాథ్స్‌కో, ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్‌కో పోవాలి. ఎక్కువమంది తడబడేది ఆ రెండింటి దగ్గరే.

"ఇంగ్లీష్ వస్తుందా?" అని మాత్రం అడగవద్దు. ఎవరైనా వస్తుందనే అంటారు. ఫిజిక్స్ పుస్తకంలో ఒక పేరా చదవమని, దాని భావం తెలుగులో చెప్పమనండి. ఎక్కడ ఆగుతున్నాడో మీకే తెలుస్తుంది. కొందరు మాట అర్థంకాక ఆగుతారు, కొందరు ఇంటర్ ఫిజిక్స్ రాక ఆగుతారు. ఇద్దరికీ చేయాల్సిన సాయం వేరు.

బ్రాంచి గురించి ఏడ్చేవాళ్లు ప్రతి గుంపులో ఉంటారు. సీఎస్ఈ (కంప్యూటర్) రాలేదు, సివిల్ వచ్చింది, ఈఈఈ (ఎలక్ట్రికల్) వచ్చింది అని. వాళ్లకు "ఏం పర్లేదు" అని చెప్పి పంపకండి. ఆ మాట వాళ్లు ఇంటి దగ్గర వంద మంది నోట విని ఉంటారు. సివిల్ చదివినవాళ్లు ఏ ప్రభుత్వ శాఖల్లో ఏఈలుగా (అసిస్టెంట్ ఇంజనీర్లుగా) చేరతారో, ఎంటెక్ సీట్ల కోసం పెట్టే గేట్ పరీక్ష రాస్తే ఏం దారులున్నాయో చెప్పండి. 160 క్రెడిట్ల (సబ్జెక్టులు పాసైతే వచ్చే పాయింట్ల) డిగ్రీకి పైన అదనపు క్రెడిట్లు చేసి వేరే బ్రాంచిలో మైనర్ (పక్కన చేసే చిన్న కోర్సు) తీసుకునే వీలు తర్వాత వస్తుందనీ, దానికి మొదటి ఏడాది బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిన సబ్జెక్టు) లేకుండా ఉండటం ముఖ్యమనీ చెప్పండి. బ్రాంచి మార్పిస్తామని ఎట్టి పరిస్థితుల్లోనూ మాట ఇవ్వవద్దు.

చివరగా, ఏం అడిగినా మాట్లాడని పిల్లలు ఉంటారు. వాళ్లను అరగంటలో మాట్లాడించాలని చూడకండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416, ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఒక చీటీ మీద రాసి, కింద మీ నంబరు కూడా రాసి ఇవ్వండి. నా దగ్గర చీటీ తీసుకుని ఒక్క మాటా మాట్లాడకుండా పోయిన పిల్లవాడు జనవరిలో ఒక రాత్రి ఫోన్ చేశాడు.

కోసిగి అమ్మాయి, థర్డ్ ఇయర్:

మేడమ్, నేను కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) థర్డ్ ఇయర్. కడప సార్ చెప్పినవన్నీ నిజం, మిడ్ మార్కుల 80-20 లెక్క మాకు హాస్టల్లో సీనియర్ అక్క చెప్పేదాకా తెలియదు.

ఒక్క సంగతి చెప్పాలని రాస్తున్నాను. మీ ఫారంలో తండ్రి ఫోన్ నంబరు, తండ్రి వృత్తి అని ఉంటుంది కదా. మా ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు పంట అయిపోయాక సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు నెలల తరబడి పోయి గుడారాల్లో ఉంటారు. మాకు ఫస్ట్ సెమిస్టర్ పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. అమ్మానాన్న ఇద్దరూ పోతే ఇంట్లో అవ్వ, తమ్ముడు ఉంటారు. తమ్ముడికి జ్వరం వస్తే హాస్టల్ నుంచి నేనే పోవాలి. కాలేజీ నుంచి నాన్నకు ఫోన్ చేస్తే సిగ్నల్ ఉండేది కాదు, "పేరెంట్ రెస్పాన్స్ లేదు" అని రాసుకునేవాళ్లు. మా నాన్నకు నా చదువు మీద ఎంత ఆశో చెప్పలేను. అందుకని "డిసెంబర్ నుంచి మార్చి దాకా ఇంట్లో ఎవరుంటారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే మా వైపు పిల్లలు అన్నీ వాళ్లే చెప్తారు.

ఇంకోటి, ఏఐసీటీఈ వాళ్ల ఈ-కుంభ్ పోర్టల్లో ఇంజనీరింగ్ పుస్తకాలు తెలుగులో కూడా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. నేను ఒక పాఠాన్ని ముందు తెలుగులో చదువుకుని తర్వాత ఇంగ్లీష్ పుస్తకం తెరిచేదాన్ని. పరీక్ష ఇంగ్లీష్‌లోనే రాశాను. తెలుగు పుస్తకం చదవడం చిన్నతనమని మెంటర్లు అనకుండా ఉంటే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే దారి పట్టుకుంటారు.

ఆదోని టైలర్ నాన్న:

నమస్తే మేడం గారూ. మా అమ్మాయి పోయిన ఏడాది కర్నూలులో ఒక కాలేజీలో చేరింది. చేరిన రోజు తల్లిదండ్రుల మీటింగు పెట్టినారు. మూడు గంటలు కూర్చున్నాము. పెద్దసార్లు ఇంగ్లీష్‌లో బాగా మాట్లాడినారు. తెరమీద కంపెనీల పేర్లు చూపించినారు. మాకు కావాల్సింది మాత్రం ఎవరినీ అడగలేకపోయినాము.

మాకు కావాల్సింది చిన్నదే. పరీక్షలు ఏ తేదీల్లో, మిడ్లు ఏ వారంలో అని కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే గోడకు అంటించుకుంటాము. కార్తీకంలో మా ఇంట్లో పెండ్లి పెట్టుకున్నాము, పాపను వారం ముందే రమ్మన్నాము. ఆ వారమే మిడ్ ఉందని పాప చెప్పడానికి జంకింది. తేదీ మాకు తెలిసుంటే పెండ్లి రోజుకే వచ్చిపొమ్మనేవాళ్లం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా 75 శాతం హాజరు చూస్తారని మాకు ఆలస్యంగా తెలిసింది. అది మొదటి రోజే చెప్పండి, ప్రతి తల్లీతండ్రీ ఒళ్లు దగ్గర పెట్టుకుని పిల్లల్ని పంపుతారు.

ఇంకోమాట. కాలేజీ నుంచి ఫోన్ వస్తే ఇంట్లో అందరికీ గుండె దడ. పాప రాలేదనో, ఫీజు కట్టలేదనో చేస్తారు. పాప బాగా చదివినప్పుడు కూడా ఒకసారి చేయండి. మేము చదువుకోలేదు కానీ ఆ ఫోన్ వస్తే వీధంతా చెప్పుకుంటాము.

కర్నూలు ల్యాబ్ సార్:

కడప సార్ మీద గౌరవంతోనే ఒక మాట వేరుగా చెప్తాను. ఇండక్షన్ మొదటి వారంలో పిల్లలు మీరు ఏం చెప్పినా "సరే సార్" అంటారు. కొత్త చోటు, కొత్త ముఖాలు, ర్యాగింగ్ భయం, హాస్టల్ తిండి. ఆ తలలోకి 80-20 లెక్క దిగదు. నేను అరగంటను రెండుగా చేసుకున్నాను. ఇప్పుడు పది నిమిషాలు, మొదటి మిడ్ మార్కులు వచ్చిన వారంలో ఇరవై నిమిషాలు. చేతిలో మార్కుల కాగితం ఉన్నప్పుడు పిల్లవాడు వింటాడు, తానే ప్రశ్నలు అడుగుతాడు. క్రెడిట్లు, బ్యాక్‌లాగులు, మైనర్లు అప్పుడు చెప్తే నిలుస్తాయి. పైగా మెంటర్ తనను గుర్తుపెట్టుకుని మళ్లీ పిలిచాడన్న నమ్మకం వస్తుంది, నాకు అది అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది.

కడప ఈసీఈ సార్:

మార్కుల సంగతి మిడ్ తర్వాత చెప్పడం బాగుంది, ఒప్పుకుంటాను. బస్సు లెక్క మాత్రం అప్పటిదాకా ఆపవద్దు. మొదటి మిడ్ మార్కులు వచ్చేసరికి సెమిస్టర్ సగం దాటుతుంది. రోజూ మొదటి పీరియడ్ పోయే పిల్ల అప్పటికే దాదాపు యాభై పీరియడ్లు పోగొట్టుకుని ఉంటుంది, అవి తిరిగి రావు. హాజరు, బస్సు, ఇంటి పరిస్థితి ఇప్పుడు. మార్కులు, క్రెడిట్లు అప్పుడు.

అనంతపురం మ్యాథ్స్ మేడమ్:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరు సార్ల మాటా కలిపి ఇట్లా అనుకున్నాను. ఇప్పుడు పదిహేను నిమిషాలు, మొదటి మిడ్ మార్కులు వచ్చాక ఇంకో పదిహేను. ఫారం ఈరోజే పిల్లల చేతికి ఇచ్చేశాను. దాని వెనక ఖాళీ పేజీలో మూడు ప్రశ్నలు చేత్తో రాశాను: ఏ బస్సులో వస్తావు, అది తప్పితే ఏం చేస్తావు, డిసెంబర్ నుంచి మార్చి దాకా ఇంట్లో ఎవరుంటారు. కోసిగి అమ్మా, ఆ మూడోది నీదే. మా వైపు కూడా బెంగళూరుకు కూలి పనులకు పోయే ఇళ్లు చాలా ఉన్నాయి, ఇన్నాళ్లూ ఏ ఫారంలోనూ ఇది చూడలేదు.

ఫారాలు పంచుతుంటేనే ఒక సంగతి తెలిసింది. ఇరవై మందిలో ఆరుగురు ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపుల నుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్లే. ఈ ఆరుగురి బస్సు సమయాలు రాసి టైంటేబుల్ ఇన్‌చార్జికి ఇచ్చి, ఫస్టియర్‌కు మొదటి పీరియడ్ పదిహేను నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టమని అడుగుతాను. కుదరదంటే కనీసం మొదటి పీరియడ్ రోజూ ఒకే సబ్జెక్టు పడకుండా మార్చమంటాను. అట్లా అయినా పిల్లకు ఒక సబ్జెక్టు మొత్తం పోదు.

ఆదోని అన్నా, యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్ చూసి మిడ్ల వారాలు, పరీక్షల తేదీలు, 75 శాతం సంగతి తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. గోడకు అంటించుకునేంత పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయిస్తాను. ఇంకేమైనా చేర్చాలంటే శనివారం లోపల చెప్పండి.

ఆదోని టైలర్ నాన్న:

కాలేజీకి సెలవులు ఏ రోజుల్లో ఉంటాయో కూడా వేయండి మేడం. ముహూర్తాలు పెట్టుకునేటప్పుడు చూసుకుంటాము. సార్ల ఫోన్ నంబరు అడుగున పెద్దగా ఉండాల, మా ఇంటామె చదవగలిగేటట్టు.